బోరు మోటారుకి హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు: కోసి చూపిస్తున్నాను

అందరికీ నమస్తే అండి. ఈ రోజు హెచ్‌ఆర్‌సీ ఫ్యూజులు, అంటే ఎంత పెద్ద షార్ట్ కరెంటునైనా తట్టుకుని తెంపేసే ఫ్యూజుల గురించి. రేటింగులు, కొలతల జోలికి వెళ్లను. ఈ ఫ్యూజుల సెట్టు కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. మా బోరు మోటారు బోర్డులో పెట్టి వాడుతున్నాను.

నాకు బాగా నచ్చింది లోపలి ఇసుక. ఇదిగో, కాలిపోయిన ఫ్యూజుని కోశాను, దగ్గరగా చూడండి. ఇసుక గాజులా గడ్డకట్టింది కదా? షార్ట్ అయినప్పుడు లోపలి లోహపు పట్టీ సన్నగా ఉన్న చోట్ల కరిగి తెగుతుంది. తెగినంత మాత్రాన కరెంటు ఆగదండీ, ఆ సందులో ఆర్క్, అంటే గాల్లోంచి దూకే కరెంటు మెరుపు, లేస్తుంది. దాని వేడిని క్వార్ట్జ్ ఇసుక పీల్చుకుని, తనే కరిగి, ఆర్క్‌ని ఆర్పేస్తుంది. పెద్ద షార్ట్ అయితే ఇదంతా 10 మిల్లీసెకన్ల లోపే, కరెంటు పూర్తిగా పెరగకముందే అయిపోతుంది.

పట్టీ మధ్యలో ఈ బొట్టు చూడండి, తగరం. పట్టీ రాగిదైనా వెండిదైనా 900 డిగ్రీలు దాటితేగానీ కరగదు. తగరానికి 232 చాలు. కొద్దిపాటి ఓవర్‌లోడ్ చాలాసేపు ఉంటే, తగరం కరిగి పట్టీలో కలిసిపోయి అక్కడ తెంపేస్తుంది. ఎంత తెలివైన పని అండి!

ఇంతకుముందు పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు, అంటే కాలిపోతే వైరు మార్చుకునేవి, వాడాను. 15 ఆంప్స్‌కి అర మిల్లీమీటరు మందం, తగరం పూత ఉన్న రాగి వైరు సరిపోతుంది. కానీ చాలా బోర్డుల్లో సర్వీసు వైరు పోగులు మెలేసి కట్టేస్తున్నారు, ఫ్యూజు మాటిమాటికీ పోతోందని. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది! కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఫ్యూజు కరగకపోతే ఆ వేడంతా కేబులు, మోటారు వైండింగు భరించాలి.

ఇక నాకు నచ్చనిది: డబ్బాలో ఒక్క స్పేర్ కూడా ఇవ్వలేదు. ఇది పోతే పారేయాల్సిందే. రాత్రి పొలంలో పోతే, చేతికందిన వైరు ముక్క పెట్టాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఇంకో విషయం, మూడు ఫేజులకున్న మూడు ఫ్యూజుల్లో ఒకటి పోతే మోటారు రెండు ఫేజుల మీద నడిచి కాలిపోవచ్చు, ఒక ఫేజు పోగానే మోటారుని ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ తప్పకుండా ఉండాలి.

నా మాటైతే కొనేయండి. మూడు బోర్డులో పెట్టి, ఇంకో మూడు స్టార్టరు డబ్బాలోనే ఉంచుకోండి.