ఇంటికి దారి ఉత్తరం వైపు: నా సెకండ్ హ్యాండ్ జీపీఎస్ కథ

నమస్కారం అండీ అందరికీ. ఈరోజు వీడియో డాలస్ నుంచి కాదు, కర్నూలు నుంచి, మా మిద్దె మీద నుంచి. కింద అమ్మ ఉగ్గానికి బొరుగులు నానేసి బజ్జీలకు మిరపకాయలు చీరుతోంది, మధ్యలో కేకేస్తే దిగిపోతాను, ఏమనుకోవద్దు. నేను సెస్నా 152 అనే రెండు సీట్ల చిన్న విమానం నడిపిన వీడియో పెట్టినప్పటి నుంచి మా పెద్దమ్మ, బళ్లారి అత్త, వాళ్ల కోడళ్లు అందరిదీ ఒకటే ప్రశ్న: పైన రోడ్డు ఉండదు, బోర్డులు ఉండవు, నీకు దారి ఎట్లా తెలుస్తుంది? అందుకే ఈ వీడియో.

మొదట కళ్లతోనే నేర్పిస్తారు. కాగితం మ్యాపులో ఒక చెరువు, ఒక రైలు పట్టా, ఒక నీళ్ల ట్యాంకు గుర్తు పెట్టుకుని గడియారం చూసుకుంటూ పోవాలి. అమెరికాలో పైలట్ లైసెన్సు రావాలంటే ఒక్కదాన్నే కనీసం 150 నాటికల్ మైళ్లు తిరిగి, మూడు చోట్ల దిగి రావాలి. అంటే 278 కిలోమీటర్లు, కర్నూలు నుంచి హైదరాబాదు దాటి పోయినంత. డాలస్ పెద్ద విమానాశ్రయం చుట్టూ మెట్లు మెట్లుగా, పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే గాలి హద్దు ఒకటి ఉంటుంది. అందులోకి కంట్రోలర్ అనుమతి లేకుండా పోకూడదు. నేల మీద గీత ఏమీ కనపడదు, కానీ దాటితే తప్పు మనదే.

అందరూ టాబ్లెట్‌లో మ్యాపు పెట్టుకుంటారు, నేనూ అంతే. ఆగస్టు ఎండలో అద్దం ముందు పెట్టిన నా టాబ్లెట్ వేడెక్కి నల్లగా అయిపోయింది. పక్కన గురువు ఉన్నాడు కాబట్టి సరిపోయింది. మరి సోలోలో, అంటే ఒక్కదాన్నే నడిపేటప్పుడు అయితే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత టెన్షన్. వేరే పరికరం ఒకటి ఉండి తీరాలని అప్పుడే అనుకున్నా.

విమానాల కోసం చేసిన చేతి జీపీఎస్‌లు కొత్తవి చూస్తే వెయ్యి డాలర్ల చుట్టూ ఉన్నాయి. అప్పట్లో డాలరుకు 85 లెక్కన 85 వేలు, మా చిన్నాన్న మొన్న కొన్న బండి ధర. అందుకే పాతవి వెతికాను. మొదట ఆన్‌లైన్‌లో 60 డాలర్లకు, అంటే 5,100 రూపాయలకు ఒకటి తెప్పించాను. బ్యాటరీ ఉబ్బి మూత పట్టలేదు. ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే తేదీ దాదాపు ఇరవై ఏళ్ల వెనక చూపించింది. అది ఎందుకో తర్వాత చదివి తెలుసుకున్నా: శాటిలైట్ పంపే సిగ్నల్‌లో వారాల లెక్క 1023 దాకా పోయి మళ్లీ సున్నాకు వస్తుంది, 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఒకసారి అట్లా తిరిగింది. కొన్ని పాత పరికరాలకు ఆ మలుపు తెలియదు. మనం ఉన్న చోటు సరిగ్గానే చూపిస్తాయి కానీ తేదీ, దాన్ని బట్టి వేసే సూర్యాస్తమయం లెక్క నమ్మడానికి లేదు. అమ్మినాయన డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు. బాధేసింది.

రెండోసారి చేత్తో పట్టుకుని చూడనిదే కొనకూడదని పట్టుపట్టాను. మా ఫ్లయింగ్ స్కూల్ ఉన్న చిన్న విమానాశ్రయంలోనే ఒక పెద్దాయన విమానం అమ్మేసి సామాన్లు తీసేస్తున్నాడు. ఆయన బల్ల మీద గార్మిన్ కంపెనీ చేతి జీపీఎస్‌లు 196, 496 రెండూ ఉన్నాయి. 496 రంగుల స్క్రీన్, సెకనుకు ఐదుసార్లు మన స్థానం కొత్తగా చూపిస్తుంది, చూడ్డానికి ఎంతో బాగుంది. 196 నలుపు తెలుపు. నేను 196 తీసుకున్నా, 110 డాలర్లు, 9,350 రూపాయలు. నేను నడిపే 152 గంట అద్దె పెట్రోలుతో కలిపి నాకు 150 డాలర్లు పడుతుంది, అంతకన్నా తక్కువే.

ఎందుకంటే 496కి దానికే చేసిన లిథియం బ్యాటరీ కావాలి, ఇన్నేళ్ల తర్వాత అది ఎంతసేపు నిలుస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు. 196కి మాత్రం గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లులు నాలుగు చాలు, ఏ పెట్రోల్ బంకులో అయినా దొరుకుతాయి, ఇంకో నాలుగు జేబులో వేసుకోవచ్చు. ఎండ పడితే దాని స్క్రీన్ ఇంకా స్పష్టంగా కనపడుతుంది. నాకు కావాల్సింది మిగతావి ఆగిపోయినప్పుడు వెలిగి ఉండేది.

కొనే ముందు గంటసేపు ఆరుబయట కూర్చున్నా. చాలాకాలం ఆఫ్‌లో ఉన్నది కాబట్టి ముందు శాటిలైట్ల జాబితా దించుకోవాలి, మొత్తం దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పట్టవచ్చు, ఓపిక పట్టాలి. ప్రతి బటనూ నొక్కి చూశా. యాంటెన్నా తిరిగే చోట పగుళ్లు ఉన్నాయా అని గోరుతో తడిమి చూశా. దిక్సూచికి దగ్గరగా పెట్టి ముల్లు కదులుతుందేమో చూశా. లోపలి డేటాబేసు పాతదే. అక్కడ విమానాల జీపీఎస్ డేటాబేసులు 28 రోజులకోసారి మారుతాయి, కాబట్టి హద్దులూ ఫ్రీక్వెన్సీలూ కొత్త మ్యాపులో చూసుకుని, నేను ఎక్కడున్నానో మాత్రం దీన్ని అడుగుతా.

అమ్మ భయం ఇంకొకటి: కరెంటు పోతే ఇంజిన్ ఆగిపోదా అని. ఆగదమ్మా. చిన్న విమానం ఇంజిన్‌కు మాగ్నెటోలు ఉంటాయి, ఇంజిన్ తిరుగుతున్నంతసేపు నిప్పురవ్వ అవే పుట్టించుకుంటాయి, బ్యాటరీతో పనిలేదు. రేడియో, లైట్లు పోతాయి, ఇంజిన్ నడుస్తుంది. ఇది మూడుసార్లు చెప్పాక అమ్మ కొంచెం కుదుటపడింది.

ఇక మా నాయన. రిటైర్డ్ సర్వేయర్. 66 అడుగుల గొలుసు, అందులో నూరు లింకులు, దాంతో ఈ చుట్టుపక్కల పొలాలు ఎన్ని కొలిచాడో లెక్కలేదు. జీపీఎస్ ఇక్కడికి తేలేదు. శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే పరికరాలు మన దేశంలోకి అనుమతి లేకుండా తేకూడదు. నాది సిగ్నల్ వినడమే తప్ప పంపేది కాదు, అయినా ఎయిర్‌పోర్టులో వివరించుకుంటూ నిలబడడం ఎందుకని వదిలేసి వచ్చా. ఫోన్లో దాని వీడియోలు చూపించా. నాయన ఒక మెనూ దగ్గర ఆపమన్నాడు. "పాపా, ఈ డేటమ్ దేనికి పెట్టినారు?" అన్నాడు. డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టడానికి వాడే భూమి నమూనా. పాత యజమాని ఏది పెట్టి ఉంచాడో కొన్నప్పుడు నేను అస్సలు చూడలేదు. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 ఉండాలి, మన పాత టోపో షీట్లు, అంటే సర్వే మ్యాపులు, ఎవరెస్ట్ అనే పాత డేటమ్ లెక్క మీద ఉంటాయి, ఒకదాన్ని ఇంకోదానిగా చదివితే వందల అడుగుల తేడా వస్తుందని ఆయనే చెప్పాడు. వీడియో ఆపి జూమ్ చేసి చూస్తే సరిగ్గానే ఉంది. వాడిన జీపీఎస్ కొనేవాళ్లు ఎవరైనా సరే, ఆ మెనూ ముందు చూడండి.

అక్కడి నుంచి మాట మన దేశాన్ని కొలిచే పెద్ద సర్వే మొదలుపెట్టిన లాంబ్టన్ దొర మీదికి పోయింది. 1802లో మద్రాసులో మొదలుపెట్టి 78వ రేఖాంశం దగ్గరగా దేశం పొడుగునా కొలుచుకుంటూ పోయిన సర్వే అది. మా మిద్దె మీద ఫోన్ పెడితే 15 డిగ్రీల 49 నిమిషాల ఉత్తరం, 78 డిగ్రీల 2 నిమిషాల తూర్పు. "మనం ఆ గీత పక్కనే కాపురం ఉన్నాం" అని నాయన మురిసిపోయాడు. నిన్న ఓర్వకల్లు విమానాశ్రయం చూపిస్తానని తీసుకుపోయా, 2021లో మొదలైంది కదా, ఆయన ఇప్పటిదాకా లోపలికి పోలేదు. కానీ దారిలో రాళ్ల దగ్గర దిగి ఏ సర్వే నంబరు ఎక్కడ మొదలవుతుందో చెప్పడంలో పడ్డాడు, చీకటి పడిపోయింది, తిరిగొచ్చాం.

ఒకటి ఆయనకు చెప్పలేదు, మీకు చెప్తా. జీపీఎస్ కొన్నరోజు అందులో నేను మొదట కొట్టిన చోటు ఈ మిద్దె. దూరం దాదాపు 7,860 నాటికల్ మైళ్లు వచ్చింది. బాణం తూర్పుకు తిరుగుతుందనుకున్నా, నేరుగా ఉత్తరానికి తిరిగింది. భూమి గుండ్రం కాబట్టి డాలస్ నుంచి కర్నూలుకు దగ్గరి దారి ధ్రువం వైపు నుంచే. నా 152 గంటకు 100 నాటికల్ మైళ్లు పోతుంది, అంటే 78 గంటలకు పైనే. పక్క సీటు ఖాళీగా ఉన్నప్పుడు, పని లేకపోయినా, ఆ చోటు ఎంచుకుని బాణం ఒకసారి చూసుకుంటా.

నాయన ఇప్పుడే పైకొచ్చి కాగితం ఇచ్చాడు. పొద్దున సైకిల్ మీద ఊరవతల మా బావి దగ్గరికి పోయి, తన ఫోన్లో చూసి, డిగ్రీలు నిమిషాలు సెకన్లు పెన్సిల్‌తో రాసుకొచ్చాడు, కింద గీత గీసి మరీ. అది కూడా దాంట్లో ఎక్కించమన్నాడు. పర్సులో పెట్టుకున్నా. అమ్మ పిలుస్తోంది, బజ్జీలు దించినట్టుంది. ఉంటానండీ.