ఎన్‌క్రుమా, ఉఫ్వే-బ్వానీల పదేళ్ల పందెం: కోకో రైతు లెక్క

నమస్కారం. 1957 మార్చి 6న ఘానా స్వతంత్ర దేశమైంది. నెల తిరిగేసరికి ఆ దేశ ప్రధాని క్వామే ఎన్‌క్రుమా పడమటి సరిహద్దు దాటి, అప్పటికింకా ఫ్రెంచి పాలనలోనే ఉన్న ఐవరీ కోస్ట్‌కు అతిథిగా వెళ్లారు. అబిజాన్ నగరంలో ఆయనకు స్వాగతం పలికినవారు అక్కడి నాయకుడు ఫెలిక్స్ ఉఫ్వే-బ్వానీ. వలస పాలకుల పట్టు పూర్తిగా విడిపించుకుంటేనే ఆఫ్రికా బాగుపడుతుందని ఎన్‌క్రుమా నమ్మకం. ఫ్రాన్సు చేయి పట్టుకుని నడిస్తేనే తమ ప్రజలు త్వరగా పైకి వస్తారని ఉఫ్వే-బ్వానీ నమ్మకం. ఎవరి దారి మంచిదో పదేళ్ల తరువాత చూసుకుందామని ఇద్దరూ బహిరంగంగానే పందెం వేసుకున్నారు.

ఆ పందెంలో ఉఫ్వే-బ్వానీ గెలిచారని చాలామంది ఏనాడో తీర్పు చెప్పేశారు. నేను ఆ తీర్పుతో ఏకీభవించలేను. అలాగని ఎన్‌క్రుమా గెలిచారని వాదించబోవడమూ లేదు. ఈ రెండు దేశాలూ కోకో పంట మీద ఎంతగానో ఆధారపడి నిలబడ్డాయి. ఆ పంట పండించిన రైతుకు చెందవలసిన సొమ్ములో ఎవరెంత తీసుకున్నారు, తీసుకున్నదాన్ని దేనికి ఖర్చు పెట్టారు అన్న లెక్క చూడకుండా ఈ ఇద్దరినీ పోల్చడం అన్యాయమని నా అభిప్రాయం.

ముందుగా ఆ పంట సంగతి కొంచెం చెప్పాలి. కోకో కాయ మామిడికాయలా కొమ్మ చివర వేలాడదు, చెట్టు మొదలునే అంటుకుని కాస్తుంది. కాయను కోసి, పగలగొట్టి, తెల్లటి జిగురు గుజ్జుతో ఉన్న గింజలను అరటి ఆకుల మీద కుప్పగా పోసి, పైన మళ్లీ ఆకులు కప్పుతారు. కుప్ప లోపల వేడి పుట్టి గింజ పులుస్తుంది. రెండు రోజులకొకసారి తిరగేస్తూ ఐదారు రోజులు అలా ఉంచి, తరువాత తడికల మీద పరిచి ఎండబెడతారు. గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల్లో అంతర పంటగా కోకో వేసిన రైతులకు ఇదంతా తెలిసిన పనే. ఇంత శ్రమపడి ఎండబెట్టిన గింజకు ధర మాత్రం లండన్, న్యూయార్క్ మార్కెట్లలో నిర్ణయమవుతుంది. ఘానాలో గాని, ఐవరీ కోస్ట్‌లో గాని ఆ ధర నేరుగా రైతు చేతికి వచ్చేది కాదు. మధ్యలో ప్రభుత్వ సంస్థ ఉండి, రైతుకిచ్చే ధర తానే నిర్ణయించి, విదేశాలకు అమ్మగా వచ్చిన మిగులు తన దగ్గర ఉంచుకునేది.

ఇద్దరు నాయకులలో కోకో రైతు కష్టం స్వయంగా ఎరిగినవారు ఉఫ్వే-బ్వానీ. యమూసుక్రోలో బావులే తెగ పెద్దల ఇంట పుట్టి, డాకర్‌లో వైద్యం చదివి, కొన్నాళ్లు ఆ వృత్తి చేసి, తరువాత సొంత కోకో తోటలు సాగు చేశారు. కొనుగోలుదారులు రైతులను దోచుకుంటున్నారని 1932లోనే మారుపేరుతో పత్రికలో రాశారు. ఆ రోజుల్లో ఫ్రెంచి దొరల తోటలకు ఆఫ్రికన్లను బలవంతంగా కూలికి తోలేవారు, సొంత తోట ఉన్న ఆఫ్రికన్ రైతుకు మాత్రం కూలీలు దొరికేవారు కాదు. ఆ అన్యాయాన్ని ఎదిరించడానికి 1944లో ఆయన ఆఫ్రికన్ రైతుల సంఘం స్థాపించారు. మరుసటి ఏడాది పారిస్‌లోని రాజ్యాంగ సభకు ఎన్నికై, 1946 ఏప్రిల్‌లో ఫ్రెంచి వలసలన్నిటిలోనూ వెట్టిచాకిరీని రద్దు చేసే చట్టం తెచ్చారు. ఆయన మొత్తం జీవితంలో నేను చేతులెత్తి నమస్కరించే ఘట్టం ఇదే.

ఎన్‌క్రుమా దారి వేరు. ఎన్‌క్రోఫుల్ అనే చిన్న ఊరిలో కంసాలి ఇంట పుట్టి, అమెరికాలో పదేళ్లు చదువుకుని, 1947 చివర స్వదేశానికి తిరిగివచ్చారు. గాంధీజీ సత్యాగ్రహం నుంచి స్ఫూర్తి పొంది 1950లో సమ్మెలతో, సహాయ నిరాకరణతో ఉద్యమం నడిపి జైలు పాలయ్యారు. అక్రాలోని జేమ్స్ కోట జైలులో ఉండగానే 1951 ఎన్నికల్లో పోటీచేస్తే, పోలైన 23,122 ఓట్లలో 22,780 ఆయనకే పడ్డాయి. నిన్నటి ఖైదీని బ్రిటిష్ గవర్నరే పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నారు.

అధికారంలోకి వచ్చిన మూడేళ్లకే ఎన్‌క్రుమాకు మొదటి పెద్ద వ్యతిరేకత కోకో రైతుల నుంచే ఎదురైంది. 1954లో ప్రపంచ మార్కెట్‌లో కోకో ధర ఆకాశాన్నంటుతుండగా ఆయన ప్రభుత్వం రైతుకిచ్చే ధరను 60 పౌన్ల బరువుకు 72 షిల్లింగుల దగ్గర కట్టిపడేసింది. మార్కెట్ ధర దానికి రెండింతలకు పైగా ఉంది. కోకో పండే అశాంటి ప్రాంతం భగ్గుమంది, కుమాసి కేంద్రంగా కొత్త పార్టీ పుట్టింది. రైతు దగ్గర మిగిలించిన సొమ్ముతో దేశాన్ని నిర్మిస్తామన్నది ప్రభుత్వ సమాధానం. ఆ మాటలో నిజం లేకపోలేదు. బడులు, ఆసుపత్రులు, రోడ్లు, టెమా ఓడరేవు, అన్నిటికీ మించి వోల్టా నది మీద అకోసొంబో ఆనకట్ట వచ్చాయి. ఆ జలాశయం కింద దాదాపు 700 గ్రామాలు మునిగి, 80 వేల మంది నిర్వాసితులయ్యారు. విద్యుత్తులో అధిక భాగం వాడుకున్న అల్యూమినియం కర్మాగారం అమెరికన్ కంపెనీ చేతిలో ఉండి, ఘానాలోనే బాక్సైట్ నిక్షేపాలుండగా బయటి నుంచి ముడిసరుకు తెచ్చుకునేది. ఇన్ని లోపాలున్నా ఆ ఆనకట్ట నేటికీ కరెంటు ఇస్తోంది.

1965 నాటికి ఘానా రైతులు 5.5 లక్షల టన్నులకు పైగా కోకో పండించారు. అంతవరకు ఆ దేశంలో అంత పంట ఎప్పుడూ రాలేదు. సరిగ్గా అదే సమయంలో ప్రపంచ ధర కుప్పకూలింది. స్వాతంత్ర్యం నాటికి ఉన్న విదేశీ నిల్వలు కరిగిపోయి అప్పులు మిగిలాయి. విచారణ లేకుండా నిర్బంధించే చట్టం 1958లోనే వచ్చింది. ఘానా జాతీయోద్యమ పెద్దలలో ఒకరైన జె.బి. డాంక్వా 1965 ఫిబ్రవరిలో జైలులోనే కన్నుమూశారు. 1966 జనవరిలో ఎన్‌క్రుమా ఆనకట్టను ప్రారంభించారు. ఫిబ్రవరి 24న ఆయన హనోయ్‌కి వెళుతూ చైనాలో ఉన్న వేళ సైన్యం అధికారం చేజిక్కించుకుంది. మళ్లీ ఆయన స్వదేశంలో అడుగుపెట్టలేదు. గినీలో ఆశ్రయం పొంది, 1972లో బుకారెస్ట్‌లో మరణించారు.

పందెం గడువు 1967. ఆ ఏడాది చూసిన ఎవరికైనా ఉఫ్వే-బ్వానీయే గెలిచినట్టు కనిపించి ఉంటుంది. 1960లో స్వతంత్రమైన ఐవరీ కోస్ట్ రెండు దశాబ్దాల పాటు ఏటా దాదాపు 7 శాతం చొప్పున ఎదిగింది, అబిజాన్‌లో ఆకాశహర్మ్యాలు లేచాయి, 1970ల చివరికి కోకో ఉత్పత్తిలో ఆ దేశం ఘానాను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. ఘానాలో ధర గిట్టక సరిహద్దు రైతులు రాత్రివేళ తమ బస్తాలను దొంగదారిన ఐవరీ కోస్ట్‌కు చేరవేసేవారు. సాగు చేసినవాడిదే భూమి అన్న ఉఫ్వే-బ్వానీ మాట నమ్మి బుర్కినా ఫాసో వంటి పొరుగు దేశాల నుంచి లక్షలాది మంది వచ్చి అడవి కొట్టి తోటలు వేశారు.

అయితే ఎన్‌క్రుమాను నియంత అనీ, ఉఫ్వే-బ్వానీని వివేకవంతుడైన పెద్దాయన అనీ చెప్పేవారు 1963, 64 సంవత్సరాలను మరచిపోతారు. కుట్ర జరిగిందంటూ ఉఫ్వే-బ్వానీ తన సొంత పార్టీ సహచరులనే యమూసుక్రో జైలులో పెట్టించారు. సుప్రీంకోర్టు అధ్యక్షుడిగా పనిచేసిన ఎర్నెస్ట్ బోకా అక్కడే ప్రాణం విడిచారు. ఆ కుట్రలు అసలు జరగనే లేదని కొన్నేళ్లకు ఉఫ్వే-బ్వానీయే ఒప్పుకున్నారు.

కోకో ధర ఆయననూ వదిలిపెట్టలేదు. 1980లలో ధరలు పడిపోతుంటే, 1987లో అప్పుల చెల్లింపు ఆపి, కోకో అమ్మకం నిలిపివేసి మార్కెట్‌ను లొంగదీయాలని చూశారు. మార్కెట్ లొంగలేదు. 1989లో రైతుకిచ్చే ధరను కిలోకు 400 ఫ్రాంకుల నుంచి 200కు, అంటే సగానికి సగం తగ్గించారు. అదే ఏడాది ఆయన స్వగ్రామం యమూసుక్రోలో, రోములోని సెయింట్ పీటర్స్ కంటే ఎత్తయిన చర్చి నిర్మాణం పూర్తయింది. దాని రంగుటద్దాల కిటికీలలో ఒకదానిలో క్రీస్తు సమీపాన ఉఫ్వే-బ్వానీ రూపమూ ఉంది. ఖర్చంతా తన సొంతమేనని ఆయన చెప్పుకున్నారు. 1932లో రైతు దోపిడీ గురించి రాసిన ఆ యువకుడు ఈ రెండు పనులనూ పక్కపక్కన చూసి ఉంటే ఏమి రాసేవాడోనని నాకు ఎన్నోసార్లు అనిపించింది, బాధ కలిగింది.

1993 డిసెంబరు 7న ఆయన మరణించారు. సాగు చేసినవాడిదే భూమి అన్న మాట ఆయన నోటి మాటే తప్ప రైతు చేతిలో పట్టాగా మారలేదు. వలస వచ్చిన రైతులు పరాయివాళ్లన్న వాదం రాజకీయమైంది. 1999లో సైనిక కుట్ర, 2002లో అంతర్యుద్ధం, 2010 ఎన్నికల తరువాత సుమారు 3 వేల మంది మరణం ఆ దారిలోనే వచ్చాయి. ఘానా మాత్రం వరుస సైనిక కుట్రలనూ, 1983 నాటి కరువునూ దాటి, 1992 రాజ్యాంగంతో కుదుటపడి, 2001 నుంచి ఓటుతోనే ప్రభుత్వాలను మారుస్తోంది. అందుకే ఏ ఏడాదిని గడువుగా పెట్టుకుంటే ఆ ఏడాదికి తగ్గట్టు పందెం విజేత మారిపోతాడు.

2019లో ఈ రెండు దేశాలూ ఒక ఒప్పందానికి వచ్చాయి. మార్కెట్ ధర ఎంతున్నా సరే, టన్నుకు అదనంగా 400 డాలర్లు రైతు కోసం ఇవ్వాల్సిందేనని చాక్లెట్ కంపెనీలకు ఉమ్మడిగా తేల్చి చెప్పాయి. 2020-21 పంట నుంచి అది అమలులోకి వచ్చింది. ప్రపంచ కోకోలో సగానికి పైగా పండించే ఆ ఇద్దరు ఇరుగుపొరుగులు 1957లోనే చేయగలిగిన పని ఇది. ఆ రోజు అబిజాన్‌లో ఇద్దరు నాయకులూ ఒకే వేదిక మీద ఉన్నారు, ఇద్దరి వెనుకా కోకో తోటలే ఉన్నాయి.