విత్తనం ఇచ్చాక రెండో ఏడాది

అందరికీ నమస్కారం.

ఆకలి అనగానే ఖాళీ కంచం గుర్తొస్తుంది. పల్లెల్లోని పేద ఇళ్ళలో తరచూ కనిపించే ఆకలి వేరు. గింజల తిండి ఏదో ఒకటి కడుపులో పడుతుంది. ఆకుకూర, పండు, గుడ్డు మాత్రం ఎప్పుడో గానీ దొరకవు. ఇనుము, జింకు, విటమిన్ ఎ అందని పిల్లలు మాటిమాటికీ జబ్బుపడతారు, ఈడుకు తగ్గ ఎత్తు పెరగరు. దుంపలు కాకుండా రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూలి డబ్బుతో పూట గడుపుకునే ఇల్లు, చేతిలో డబ్బు తగ్గగానే ముందుగా మానేసేవి ఇవే. పాత గింజలు అడుగంటి, కొత్త పంట ఇంకా చేతికి రాని నెలల్లో పరిస్థితి మరీ దయనీయంగా ఉంటుంది.

ఇంటి పక్కన పెంచుకునే మొక్కలు ఈ లోటును చాలావరకు పూడ్చగలవని నేను గట్టిగా నమ్ముతాను. కానీ పెరటి సాగు పేరుతో జరిగే సాయం చూస్తే చాలాసార్లు బాధా కోపమూ కలుగుతాయి. విత్తనాల పొట్లాలు పంచుతారు, ఫొటోలు తీసుకుంటారు, వెళ్ళిపోతారు. ఆ వానాకాలం పెరడు పచ్చగా ఉంటుంది. మరుసటి ఏడాది అదే నేల బోసిపోతుంది. తప్పు ఆ కుటుంబానిది కాదు. మనం ఇచ్చినవి సంకర (హైబ్రిడ్) విత్తనాలైతే, ఆ పంట నుంచి తీసిన గింజల్లో తల్లి మొక్క గుణాలు నిలవవు. ఏటా కొత్తగా కొనాల్సిందే. కొనే స్తోమతే ఉంటే మన సాయంతో వాళ్ళకు పనేముంది?

కాబట్టి తల్లి మొక్క గుణాలు నిలిచే విత్తనమే ఇవ్వండి, దాన్ని దాచుకోవడం నేర్పండి. ఇది వినడానికి తేలికే గానీ ఆకలిగా ఉన్న ఇంట్లో చాలా కష్టం. అన్నిటికన్నా ఏపుగా పెరిగిన మొక్కనే కోయకుండా వదిలేయాలి. దానికి గుడ్డపీలిక కట్టి, ఇది విత్తనానికని ఇంటిల్లిపాదికీ చెప్పాలి. కాయ చెట్టుమీదే ఎండాక గింజలు తీసి, నీడన ఆరబెట్టి, పొడి బూడిద కలిపి, గాలి చొరని సీసాలో పెట్టాలి. చిలగడదుంపకు ఆ శ్రమ కూడా లేదు. తీగ ముక్క నాటితే చాలు, ఒక ఇంటి నుంచి పది ఇళ్ళకు పాకుతుంది. అందులోనూ లోపల నారింజ రంగున్న రకాల్లో శరీరం విటమిన్ ఎ గా మార్చుకునే పదార్థం దండిగా ఉంటుంది. వాటిని ఆఫ్రికా పల్లెలకు చేర్చిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. వండేటప్పుడు ఒక చెంచా నూనె పడాలని కూడా చెప్పండి, కొవ్వు లేకపోతే ఆ విటమిన్ ఒంటికి సరిగా పట్టదు.

ఇక నీరు. ఆఫ్రికా దక్షిణాన ఉన్న లెసోతో అనే చిన్న దేశంలోని కొండ పల్లెల్లో గుండ్రంగా, నడుము ఎత్తున రాళ్ళు పేర్చి మడి కడతారు. అడ్డంగా కొలిస్తే సుమారు రెండు మీటర్లు. మనిషి నడిమి దాకా వెళ్ళడానికి ఒకవైపు సందు వదులుతారు. మధ్యలో పుల్లలతో అల్లిన గంప నిలబెడతారు. వంటింటి తొక్కలు, బూడిద, పాత్రలు కడిగిన నీళ్ళు అన్నీ ఆ గంపలోకే. తడి, ఎరువు అక్కడి నుంచి మట్టిలోకి మెల్లగా ఊరుతాయి. వంగనవసరం లేదు కనుక ముసలివారూ, జబ్బుతో నీరసించినవారూ అక్కడ పని చేసుకోగలరు. దీన్ని కట్టడానికి కావలసింది రాళ్ళు, చేతులు, ఇరుగుపొరుగు సాయం.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయాన్ని చాలా పథకాలు పట్టించుకోవు. ఆ మడిలో ఏం వేయాలి, ఎంత వండాలి, ఎంత అమ్మాలి అన్నది ఎవరు తేల్చాలి? పొయ్యి దగ్గర నిలబడే మనిషే తేల్చాలి. పశ్చిమ ఆఫ్రికా దేశమైన బుర్కినా ఫాసోలో హెలెన్ కెల్లర్ ఇంటర్నేషనల్ అనే స్వచ్ఛంద సంస్థ 2010 నుంచి 2012 వరకు పసిబిడ్డల తల్లులకు తోటలు, కోళ్ళ పెంపకం, బిడ్డకు ఏం పెట్టాలన్న శిక్షణ కలిపి అందించింది. పిల్లల్లో రక్తహీనత తగ్గింది, బక్కచిక్కిన తల్లుల సంఖ్య తగ్గింది. పిల్లల ఎత్తులో మాత్రం తేడా రాలేదు. ఈ మాట దాచకూడదు. శుభ్రమైన నీరు, మరుగుదొడ్డి, వైద్యం లేనిచోట తోట ఒక్కటే బిడ్డను నిలబెట్టలేదు.

నిధులిచ్చేవారిని నేను కోరేది ఇదే. ఒక్క పంటకాలానికి డబ్బిచ్చి ఆపకండి. కనీసం రెండు, మూడు ఏళ్ళపాటు ఊళ్ళో తిరిగే కార్యకర్తకు జీతమివ్వండి. మేకలు చొరబడకుండా కంచెకు కూడా ఖర్చు కేటాయించండి. నివేదికలో ఎన్ని పెరళ్ళు వేశారన్న లెక్కకు ముందు, నిన్న పిల్లలు ఏం తిన్నారని తల్లులను అడిగి రాయించండి. రెండో ఏడాది ఎన్ని ఇళ్ళు సొంత విత్తనంతో మొదలుపెట్టాయో కూడా అందులో ఉండాలి.