72తో భాగిస్తే మిగిలేది

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నేను ప్లాస్టిక్ ముక్కలు అతికించి విమానాల చిన్న నమూనాలు, అంటే స్కేల్ మోడల్స్, చేస్తుంటాను.

"పెట్టెలో ముక్కలు వస్తాయి, ఏది ఎక్కడ అతకాలో కాగితం మీద నంబర్లుంటాయి. ఇందులో కళ ఏముందండీ? కొండపల్లి బొమ్మ చెక్కేవాళ్లది కళ, మీది ఓపిక" అని చాలామంది నాతో అన్నారు. అందులో సగం నిజమే. ముక్కలు కత్తిరించడం, గరుకు కాగితం పట్టడం, జిగురు పొంగకుండా అతకడం చేతిపని. అది రానిదే అడుగు ముందుకు పడదు. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి సంగతి.

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ విమానం స్పిట్‌ఫైర్‌నే తీసుకుందాం. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 11.2 మీటర్లు. 1/72 స్కేలులో, అంటే అసలు కొలతలో 72వ వంతుకు చేసిన మోడల్‌లో, అది పదిహేనున్నర సెంటీమీటర్లు. అన్నిటినీ 72తో భాగిస్తే చాలనుకుంటాం. చాలదు. రేకుకూ రేకుకూ మధ్య సందు మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లు. దాన్ని భాగిస్తే వెంట్రుక కన్నా సన్నం, కంటికి ఆనదు. లెక్కకు కట్టుబడితే రెక్క సబ్బుబిళ్లలా నున్నగా ఉంటుంది. లోతుగా గీస్తే బొంత కుట్లలా కనిపిస్తుంది. మొదట్లో నేను ప్రతి గీతలోనూ నల్లరంగు నింపేవాణ్ణి. ఇప్పుడు బూడిద రంగు, అదీ కొన్నిచోట్లే.

ఇక రంగు. మోడల్‌ను అర మీటరు దూరం నుంచి చూస్తే అసలు విమానాన్ని 36 మీటర్ల నుంచి చూసినట్టు. దూరపు కొండ పచ్చదనం ఎలా పలచబడుతుందో విమానం రంగూ అలాగే పలచబడాలి. అసలు రంగే పూస్తే మోడల్ ముదురుగా, బరువుగా కనిపిస్తుంది. అందుకే చాలామంది కాస్త తెలుపు కలుపుతారు. ఎంత కలపాలో మాలో మాకే కుదరదు. కొలతతో తేలేదే అయితే ఆ వాదన ఎప్పుడో తేలిపోయేది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒకటుంది. స్పిట్‌ఫైర్ కాక్‌పిట్ తలుపు ఎడమవైపు ఉంటుంది. పైలట్ ఎక్కేది ఆ రెక్క మొదలు మీదుగానే. బూట్ల రాపిడికి అక్కడ రంగు లేచి లోపలి లోహం బయటపడేది. దాన్ని పాత ఫొటోల్లో వెతికి పట్టుకోవాలి. స్పాంజి ముక్కతో వెండిరంగు అద్దేటప్పుడు ఆ కాలు ఎక్కడ పడి ఉంటుందా అని ఆలోచిస్తాను. అలా ఎక్కినవాళ్లలో చాలామందికి ఇరవై ఏళ్లు దాటీ దాటని వయసు.

ఆ విమానాన్ని ఈ బల్ల మీద పెట్టాను. దగ్గరికొచ్చి ఎడమ రెక్క మొదలు చూడండి.