పిల్లల మొదటి అప్పు

శ్రోతలకు నమస్కారం.

మీ ఇంట్లో ఇరవై ఏళ్ల అబ్బాయో అమ్మాయో ఉంటే, నీకేమైనా అప్పులున్నాయా అని ఒకసారి అడిగి చూడండి. నాకేం అప్పులు అని నవ్వేస్తారు. అది అబద్ధమేం కాదు, వాళ్ల లెక్కలో అది అప్పు కాదంతే. పండగ సేల్‌లో నో కాస్ట్ ఈఎంఐ మీద ఫోను కొన్నారు. టిఫిన్ తెప్పించుకునే యాప్‌లో పే లేటర్, అంటే డబ్బు తర్వాత కడతానని, నొక్కారు. చాలాసార్లు ఆ బటన్ వెనక ఒక బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో ఉంటుంది. నొక్కిన క్షణం నుంచి మీ పిల్లల పాన్ నంబరు కింద ఒక రుణఖాతా మొదలైనట్టే. మూడు వందల రూపాయల బిల్లు మర్చిపోయినా అక్కడ బకాయి అనే పడుతుంది. మన పిల్లల మొదటి అప్పు చాలావరకు ఇలా తెలియకుండానే జరిగిపోతోంది. దాన్ని తెలిసి చేయించడం ఎలాగన్నదే ఇవాళ్టి మాట.

ఎవరు ఏ అప్పు తీసుకున్నారు, సరిగ్గా కడుతున్నారా అన్న లెక్కలు రాసే సంస్థల్లో మనందరికీ తెలిసిన పేరు సిబిల్. 2000లో మొదలైంది. ఇప్పుడు దానితోపాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ కూడా ఉన్నాయి. బ్యాంకులు పంపిన వివరాల నుంచి ఇవి 300కూ 900కూ మధ్య ఒక స్కోరు కడతాయి. 750 దాటితే బ్యాంకులు మంచి స్కోరుగానే చూస్తాయి. అసలు అప్పే చేయనివాళ్లకు స్కోరు ఉండదు. అలాగని కంగారు పడాల్సిన పని లేదు. మొదటిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని, కనీస స్కోరు ఇంత ఉండాలని రిజర్వ్ బ్యాంకు ఎక్కడా పెట్టలేదని, 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభలో చెప్పింది. కాబట్టి స్కోరు కోసం అప్పు చేయమని ఎవరైనా తొందర పెడితే, వాళ్లకు అమ్ముకోవాల్సిందేదో ఉందని అర్థం.

మరి మంచి స్కోరు వల్ల ఒరిగేదేమిటి? నలభై లక్షల ఇంటి అప్పు, ఇరవై ఏళ్ల గడువు అనుకోండి. మంచి స్కోరున్న ఒకరికి ఎనిమిదిన్నర శాతానికి, స్కోరు తక్కువున్న ఇంకొకరికి తొమ్మిది శాతానికి ఇచ్చారు. ఆ అర శాతం తేడా నెలకు దాదాపు 1,275 రూపాయలు, మొత్తం గడువులో మూడు లక్షల పైమాట. బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషన్లలో కూడా అభ్యర్థుల అప్పుల చరిత్ర సరిగ్గా ఉండాలన్న నిబంధన కనిపిస్తోంది.

పెద్దవాళ్లకు ఒక విషయం వింతగా అనిపించవచ్చు. వీధిలో వేసే చిట్టీ ఇరవై ఏళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టిన తల్లి, ప్రోనోటు మీద తెచ్చిన ప్రతి రూపాయీ తీర్చిన తండ్రి, వీళ్ల నిజాయితీ సిబిల్‌లో ఎక్కడా కనపడదు. మన బ్యాంకు ఖాతాలోని డబ్బుతో చేసే ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపులూ అంతే, డెబిట్ కార్డూ అంతే. అక్కడ లెక్కకొచ్చేది బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీల అప్పు మాత్రమే.

పద్దెనిమిది నిండకుండా చేసుకున్న ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లదు, అందుకే ఈలోపు క్రెడిట్ కార్డూ అప్పూ ఉండవు. కానీ నేర్పడానికి అదే మంచి వయసు. పదేళ్లు నిండిన పిల్లలను సేవింగ్స్ ఖాతాను సొంతంగా నడుపుకోనివ్వొచ్చని 2025లో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. ఇంటర్ చదివే అమ్మాయికి అలాంటి ఖాతా తీసి, బస్ పాసు, ఫోన్ రీఛార్జి తననే చూసుకోమనండి. గడువు మర్చిపోతే ఫోన్ ఆగిపోతుంది. ఆగనివ్వండి.

మన ఇళ్లలో పిల్లల ముందు అప్పుల మాట ఎత్తం. బండి ఈఎంఐ ఎంతో, ఏ తేదీన కట్టాలో, పోయిన నెల ఎందుకు ఇబ్బందయిందో వాళ్లకు తెలియనివ్వం. వాళ్లకు టెన్షన్ ఎందుకని మన ఉద్దేశం. దాంతో వాళ్లు అప్పు గురించి నేర్చుకునేదంతా ప్రకటనల నుంచే నేర్చుకుంటారు. ఈ నెల మీ కార్డు బిల్లు వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి.

పద్దెనిమిది దాటాక, మొదటి అప్పుకు నాకు నచ్చే దారి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు. చాలా బ్యాంకులు జీతం చీటీ లేకపోయినా ఇస్తాయి. ఇరవై వేలు డిపాజిట్ చేస్తే సాధారణంగా పదిహేను నుంచి పద్దెనిమిది వేల దాకా పరిమితి వస్తుంది. డిపాజిట్ మీద వడ్డీ మనకు వస్తూనే ఉంటుంది. ఆ కార్డుతో నెలకో రీఛార్జి, ఒక పుస్తకమో చెప్పులో కొనుక్కోవాలి. పరిమితిలో మూడో వంతు దాటకపోతే మేలు. బిల్లు రాగానే మొత్తం కట్టేయాలి, అందుకు ఆటో డెబిట్ పెట్టేస్తే సరి.

మొత్తం అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. బిల్లు మీద మినిమమ్ డ్యూ అని ఒక చిన్న అంకె ఉంటుంది. పది వేల బిల్లుకు ఐదు వందలు కడితే చాలన్నట్టు కనపడుతుంది. అది కడితే బకాయిదారు అన్న పేరు రాదు, నిజమే. కానీ మిగిలినదాని మీద చాలా కార్డుల్లో నెలకు మూడున్నర శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద జీఎస్టీ. ఊళ్లో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ అంటే ఎవరైనా గుండె పట్టుకుంటారు. రెండు రూపాయల వడ్డీకే తిట్టుకుంటాం. అదే వడ్డీ నిగనిగలాడే కార్డు మీద వస్తే ఎవరూ అడగరు.

లోన్ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. 2020 చివర్లో హైదరాబాద్‌లో ఆ యాప్‌ల వసూళ్ల వేధింపులకు ప్రాణాలు పోయాక పోలీసులు వాళ్ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు చూస్తామని అడిగే యాప్‌లో అప్పు తీసుకోకూడదు. బెదిరింపులు మొదలైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పిల్లలు ఆ మాట ఇంట్లో చెప్పగలిగేలా మనం ఉండాలి. ఆ రోజు తిట్లు పక్కన పెట్టండి.

స్నేహితుడి బండికి షూరిటీ సంతకం కూడా అప్పే. వాడు కట్టకపోతే ఆ మచ్చ సంతకం పెట్టినవాడికీ అంటుతుంది.

విద్యారుణం ఇంకో రకం. మామూలుగా చదువయ్యాక ఏడాది వరకు కిస్తీ ఉండదు, వడ్డీ మాత్రం లెక్కలో పెరుగుతూనే ఉంటుంది. బ్యాంకు ఉత్తరాలు ఊరి చిరునామాకు వస్తాయి, అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. ఒక కిస్తీ తప్పితే వాడికీ, సహ దరఖాస్తుదారుగా సంతకం పెట్టిన తండ్రికీ ఇద్దరికీ దెబ్బ.

అమెరికా వెళ్లే పిల్లలకు ఇక్కడి స్కోరు అక్కడ మామూలుగా పనికిరాదు, లెక్క మొదటి నుంచి మొదలు. ఇరవై ఒకటి నిండకపోతే సొంత ఆదాయమో హామీదారో చూపితేగాని అక్కడ కార్డు రాదు. అక్కడ పెద్దల కార్డులో పిల్లల పేరు చేరిస్తే ఆ చరిత్ర చాలావరకు పిల్లల పేరున కూడా ఎక్కుతుంది. ఆ సలహా విని ఇక్కడ తమ కార్డుకు అనుబంధంగా పిల్లల పేరున యాడ్ ఆన్ కార్డు తీసిస్తుంటారు కొందరు. ఇక్కడ ఆ లెక్క సాధారణంగా అసలు కార్డుదారు పేరునే పడుతుంది, పిల్లలకు పెద్దగా కలిసొచ్చేది లేదు.

ఈ వారంలో ఒక పని చేయొచ్చు. సిబిల్ లాంటి ఆ నాలుగు సంస్థలూ మన అప్పుల చరిత్ర పూర్తి రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలి. సొంత రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. అబ్బాయినో అమ్మాయినో పక్కన పెట్టుకుని వాళ్లదే తెరిపించండి. తీర్చేసిన ఫోన్ అప్పు క్లోజ్డ్ అని ఉందా, సెటిల్డ్ అని ఉందా చూడండి. సెటిల్డ్ అంటే పూర్తిగా కట్టకుండా రాజీ పడ్డట్టు లెక్క. తెలియని ఖాతా ఏదైనా కనపడితే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు చేయండి. ముప్ఫై రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందుకే ఫిర్యాదు చేసిన తేదీ రాసిపెట్టుకోండి.

నమస్కారం.