లష్కర్‌లో మరియమాత గుడి

గురువులకు, సిస్టర్లకు, విచారణ (పారిష్) పెద్దలకు, పిల్లలకు నా వందనాలు.

సికింద్రాబాద్‌ను మన పెద్దలు లష్కర్ అనేవారు. అంటే దండు. సరోజినీదేవి రోడ్డులోని మన సెయింట్ మేరీస్ గుడి కథ ఆ మాటలోనే ఉంది. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఏర్పడిన ఈ ఊళ్లో బ్రిటిష్ పటాలాలు దిగాయి. వాటిలో ఐరిష్ సైనికులు ఉండేవారు, కతోలికులు. పూజకు, గురువు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి, చివరికి సమాధి ప్రార్థనకైనా వాళ్లకో గుడి కావాలి.

ఆ పని ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతం నుంచి వచ్చిన ఫాదర్ డేనియల్ మర్ఫీ తలకెత్తుకున్నారు. 1840లో పని మొదలుపెట్టేనాటికి ఆయనకు పాతికేళ్లు. 1850కి గానీ గుడి పూర్తి కాలేదు. నాకైతే ఆ పదేళ్ల ఓపికే పెద్ద ప్రార్థన అనిపిస్తుంది.

ఇవాళ ఇంటికి వెళ్లేముందు ఒక్కసారి బయటి గోడ పక్కన నిలబడండి. గోడకు ఆనుకుని వరసగా దన్ను గోడలు కనిపిస్తాయి. గోథిక్ అనే ఐరోపా పద్ధతి కట్టడంలో పైకప్పు బరువు గోడను బయటికి నెడుతుంటే, అవి భుజం పెట్టి ఆపుతాయి. తర్వాత పైకి చూడండి. ఆ గంటలు నాలుగు, 1901లో ఇటలీ నుంచి వచ్చాయి.

ఒకప్పుడు ఇదే మన కథెడ్రల్, అంటే పీఠాధిపతి (బిషప్) గారి ప్రధాన గుడి. 1870లో గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ గుడి మొదలయ్యాక ఆ హోదా అటు వెళ్లింది. మళ్లీ 2008లో, పోపు గారు ప్రత్యేకంగా ఇచ్చే బసిలికా గౌరవం మన గుడికి దక్కింది. హోదాలు వచ్చాయి, పోయాయి. పటాలాలూ వెళ్లిపోయాయి. గుడి మాత్రం మనది అయింది. ఇప్పుడు ఇక్కడ తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో పూజలు జరుగుతున్నాయి.

మర్ఫీ గారు ఏమయ్యారంటారా? 1851లో హైదరాబాద్ విచారణలన్నిటికీ పెద్ద అయ్యారు. ఆ తర్వాత ఆస్ట్రేలియా దగ్గర టాస్మేనియాకు బదిలీ అయి, హోబార్ట్ పీఠాధిపతిగా 1907లో అక్కడే కన్నుమూశారు. అక్కడి కథెడ్రల్ పేరూ సెయింట్ మేరీసే. 1866లో తెరిచిన ఆ గుడి కట్టడం బలహీనపడితే విప్పి, మళ్లీ కట్టి, 1881లో తెరిచారు. మన గుడి ఇంకా నిలబడే ఉంది.

అందుకే పండుగ కమిటీవాళ్లకు ఒక విన్నపం. ఆగస్టు 15న, మరియమాత మోక్షానికి ఎత్తబడిన మోక్షారోపణ పండుగకు లైట్లు కట్టేటప్పుడు ఆ దన్ను గోడల్లో మేకులు కొట్టకండి. తాళ్లతో కట్టండి.