ఆకులు ఎండితే కంగారు పడకండి

(విశాఖపట్నంలో మిద్దె తోటలు పెంచేవాళ్ల సమావేశంలో, రోహిణి కార్తెలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైకు చేతికిస్తూనే, "మేడం, అరగంటలో ముగించెయ్యండి, తర్వాత పెసరట్టు ఉంది" అన్నారు. పెసరట్టు అన్నాక అల్లం పచ్చడి లేకుండా ఉండదు కాబట్టి ఇవాళ్టి సబ్జెక్టు, అంటే ఇంట్లో అల్లం, పసుపు పెంపకం, అప్పుడే మొదలైపోయినట్టే.

నేను వ్యవసాయం చదువుకోలేదు. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చుని రిటైరయ్యాను. మర్రిపాలెంలో మా ఇంటి వెనక నాలుగడుగుల పెరడు, పైన మిద్దె. 2013లో మొదటిసారి ఒక పాత సిమెంటు తొట్టిలో పసుపు వేశాను. వానల్లో చక్కగా పెరిగింది. అరటాకుల్లాంటి ఆకులు చూసి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. సంక్రాంతి దాటాక ఆ ఆకులు ఒక్కొక్కటే పండుబారి వాలిపోయాయి. నాకు టెన్షన్ పట్టుకుంది. దాహం వేస్తోందేమోనని పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాను. రెండు వారాలకి కాడలు కూడా పడిపోయాయి. చచ్చిపోయిందని తొట్టిని గోడ పక్కన బోర్లించేశాను.

మర్నాడు కింది వాటాలో అద్దెకుండే పిన్నిగారు పళ్లెంతో పైకొచ్చారు. చోడవరం వైపు పల్లె ఆవిడది. "ఏటమ్మా, బంగారంలాటి పసుపు గోడ పక్కన పారేసినావు?" అన్నారు. పళ్లెంలో సగం దుంపలు గట్టిగా, పసుపుపచ్చగా ఉన్నాయి. మిగతా సగం మెత్తగా కుళ్లిపోయాయి. ఆ కుళ్లు రోగం కాదు, నేను పోసిన నీళ్లే. పంట చేతికొచ్చే వేళకి ఆకులు ఎండడం పసుపుకి మామూలే. అప్పుడు నీళ్లు ఆపెయ్యాలి. నేనేమో రెట్టింపు చేశాను. ఈ మాట చెప్పడానికే ఇవాళ వచ్చాను, మిగతావన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే.

అల్లం, పసుపు వేర్లని చాలామంది అనుకుంటాం. కావు. అవి మట్టిలో అడ్డంగా పాకే కాండాలు. కాండం కాబట్టే దానికి కణుపులుంటాయి, కణుపుల దగ్గర కళ్లుంటాయి, కంటి నుంచి మొలక వస్తుంది. ఇది అర్థమైతే కుండీ ఎలాంటిది కావాలో ఎవరూ చెప్పక్కర్లేదు. లోతు అడుగు చాలు, వెడల్పు కావాలి. పొడుగ్గా సన్నగా ఉండే గ్రో బ్యాగులో వేస్తే దుంప పక్కలకి పోలేక ముడుచుకుంటుంది. పగిలిన టబ్బులు, చేపల మార్కెట్లో పారేసే థర్మకోల్ పెట్టెలు దీనికి మహారాజ యోగం. అడుగున చిల్లులు మాత్రం ధారాళంగా పెట్టండి.

ఎప్పుడు వెయ్యాలి? ఇప్పుడే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మట్టి సిద్ధం చేసుకుని, మృగశిరలో తొలకరి పడగానే ముక్క పెట్టండి. ఒక్కో ముక్క పాతిక గ్రాములుండాలి, రెండు మూడు కళ్లు కనపడాలి. కోసిన వెంటనే పాతెయ్యకుండా ఒక రోజు నీడలో ఆరనిచ్చి, కన్ను పైకి ఉండేలా రెండంగుళాల లోతులో పెట్టండి. మొలక రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా తవ్వి చూడకండి. నవ్వుతున్నారు గానీ, ఇక్కడ సగం మంది తవ్వి చూసినవాళ్లే.

మట్టి గురించి ఒక్క మాట. మన ఊరి ఎర్రమట్టి ఒట్టిదే వాడితే వానకి గట్టిపడిపోతుంది. సగానికి సగం పశువుల ఎరువు, ఎండుటాకులు, కాస్త ఇసుక, గుప్పెడు వేప పిండి కలపండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి కదా అని బస్తా పట్టుకుని అటు పోకండి, అది వేల ఏళ్ల వారసత్వం, మన కుండీల కోసం పుట్టలేదు. టమాటా, వంగ మొక్కలు వాడిపోయి చచ్చిన మట్టిలో అల్లం వెయ్యకండి. ఆ వాడు తెగులు అల్లానికీ వస్తుంది.

ఈ రెంటిలో పసుపు మంచి పిల్ల. అల్లం పేచీకోరు. పసుపు ఎండని కొంత భరిస్తుంది, అల్లానికి మిద్దె మీద మధ్యాహ్నం ఎండ పడదు, పందిరి నీడో కొబ్బరి చెట్టు నీడో కావాలి. సముద్రానికి దగ్గర ఇళ్లవాళ్లు బోరు నీళ్లు ఒకసారి నోట్లో వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే అల్లం ఆకుల అంచులు మాడతాయి. తెల్లగా మొలక వచ్చాక మట్టి కనపడకుండా ఎండుటాకులు కప్పండి. నెలన్నరకి ఒకసారి, మూడు నెలలకి ఒకసారి మట్టి ఎగదొయ్యండి, దుంప బయటికి తేలితే ఊరదు. అల్లానికి కాడ మొదట్లో మెత్తబడి, లాగితే ఊడి వచ్చేస్తోందంటే అది దుంపకుళ్లు. ఆ మొక్కని మట్టితో సహా తీసేసి దూరంగా పారెయ్యడమే, మందుల కోసం పరుగులు పెట్టినా ఆ కుండీ దక్కదు.

హుద్‌హుద్ తుఫాను మీ అందరికీ గుర్తే. 2014 అక్టోబరు 12. మా పెరట్లో మామిడి చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. మిద్దె మీద ఒక్క కుండీ నిలబడలేదు. పెరట్లో పసుపు ఆకులు చీలికలై, ఉప్పు గాలికి మాడి నల్లబడ్డాయి. ఇక దాని సంగతి వదిలేశాం, కరెంటు, మంచినీళ్ల కోసమే తిరగడం సరిపోయింది. ఫిబ్రవరిలో మా ఆయన పార పెడితే దుంపలు వచ్చాయి. చిన్నవే, కానీ వచ్చాయి. ఆ మామిడి చోటు మాత్రం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

తవ్వకం సంగతి. జూన్‌లో వేసింది జనవరి, ఫిబ్రవరికి వస్తుంది. లేత అల్లం కావాలంటే ఆరో నెలలోనే ఒక పక్క నుంచి విరుచుకోవచ్చు, పీచు ఉండదు, పచ్చడికి బాగుంటుంది. శొంఠికైతే పూర్తిగా ముదరాలి. శొంఠి లేని కషాయం లేదంటారు కదా, ఆ ఘాటు ముదురు దుంపలోనే. పాడేరు కొండల మీద పసుపుని రెండేళ్ల దాకా భూమిలోనే ఉంచే అలవాటు ఉండేది. మనకి తొందరగా కావాలంటే రోమా రకం అడగండి. అది అరకు అవతల ఒడిశాలోని పొట్టంగి పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది.

పసుపు పొడి చేసుకునేవాళ్లు ఉడకబెట్టకుండా ఎండబెట్టకండి. దుంపలు కడిగి, మునిగేలా నీళ్లు పోసి ముప్పావు గంట, గంట ఉడికించండి. నురగ కట్టి, పచ్చి వాసన మారుతుంది, పుల్ల గుచ్చితే దిగుతుంది. ఉడికితే రంగు దుంపంతా సమంగా పరుచుకుంటుంది, త్వరగా ఎండుతుంది. వేడి మీదే చక్రాల్లా తరిగి ఎండబెట్టండి. కొమ్ము అలాగే ఎండబెట్టి మిక్సీలో వేస్తే జారు పగులుతుంది, మా ఇంట్లో పగిలింది. ఐదు కిలోల పచ్చి దుంపలకి కిలో పొడి వస్తే సంతోషించండి. చీరకి మరక అంటితే ఉతికి ఎండలో ఆరెయ్యండి, ఎండకి పసుపు రంగు తగ్గుతుంది. సున్నం తగిలితే మాత్రం ఎర్రబడుతుంది, దిష్టి నీళ్లు అలాగే కదా తయారయ్యేది.

చివరిగా విత్తనం. పసుపు పువ్వు పూస్తుంది గానీ గింజ కట్టదు. అల్లమూ అంతే, దుంప ముక్కే విత్తనం. అంటే మీ కుండీలో ఉన్నది ఎవరో ఒకరు విరిచి ఇంకొకరికి ఇచ్చినదే, వాళ్లకి ఇంకెవరో ఇచ్చినదే. నా దగ్గరున్నది ఆ రోజు పిన్నిగారు పళ్లెంలో తెచ్చిన గట్టి సగం నుంచి వచ్చింది. ఆవిడ ఇల్లు మారి చాలా ఏళ్లయింది. ఏటా పసుపు తవ్వినప్పుడు ఒక పొట్లం ఆవిడకి పంపిస్తాను. "ఈసారి నీళ్లు ఎక్కువ పొయ్యనేదు కదా?" అని ప్రతిసారీ ఫోన్లో అడుగుతారు.

తలుపు దగ్గర గోనె సంచి ఉంది. మనిషికి రెండు ముక్కలు తీసుకోండి. పసుపు విరిస్తే తెలిసిపోతుంది. అల్లం, మామిడి అల్లం మాత్రం మా మనవడు కలిపేశాడు. వాసన చూడండి, మామిడికాయ వాసన వస్తే అది మామిడి అల్లం. పెంపకం రెంటికీ ఒకటే. పెసరట్టు తిన్న చేత్తో వాసన చూడకండి, అన్నీ అల్లంలాగే ఉంటాయి.